ప్యాంటుకు పాపం తెలీదు, తప్పంతా ఒంటిదే

నెల్లూరు జిల్లా అనంతసాగరం మండలంలోని ఆడవాళ్ళందరికీ తెలియజేయడమేమనగా, మీ తుంట్లు నిబంధనలకు విరుద్ధంగా ఉన్నట్టు మా దృష్టికి వచ్చింది. నడుము ఉండాల్సిన చోట లేదు. తొడల విషయంలో మీరు ఎవరి అనుమతీ తీసుకోలేదు. పొట్ట ముందుకు జరిగి బెల్టు పోరంబోకును ఆక్రమించింది. ఎక్కడో కుట్టించి, ఎన్నో గోడౌన్లు దాటించి, సోమశిల దాకా ఉదయగిరి దాకా చేరవేసిన రెడీమేడ్ ప్యాంట్లు మీ ఒంటికి పట్టనందువల్ల కంపెనీలకు కలిగిన మనస్తాపానికి మీరే బాధ్యులు. ఏడు రోజుల్లోగా ఒళ్ళు సరిచేసుకోని పక్షంలో మిమ్మల్ని శాశ్వతంగా లెగ్గింగుల్లో పెట్టడం జరుగుతుంది.

ఇట్లాంటి నోటీసు పంచాయతీ ఆఫీసు గోడకు ఇంకా ఎవరూ అంటించలేదు. అవసరం పడలేదు. ఆత్మకూరు బస్టాండు చుట్టుపక్కల ఏ బట్టల షాపుకు పోయినా కౌంటరు వెనక కుర్రాడు దాన్నే నోటికి చదువుతాడు. "అక్కా, ప్యాంటు కరెక్టుగానే ఉండాది. మీకే సీటు కాడ కొంచెం ఎక్కువ." ఆ మాటకు అక్క ఏమంటుంది? అవును నాయనా, తగ్గాలి అంటుంది. రేపట్నుంచి రాత్రిపూట అన్నం మానేసి చపాతీ తింటానంటుంది. వెయ్యి రూపాయల గుడ్డ ఎదుట నలభై ఏళ్ళ ఒళ్ళు చేతులు కట్టుకుని క్షమాపణ చెప్పుకుంటుంది. గుడ్డ మీద గీసిన గీత తప్పయి ఉండొచ్చునన్న అనుమానం అక్కడున్న ముగ్గురిలో, అంటే అక్కకూ కుర్రాడికీ అద్దానికీ, ఒక్కరికీ రాదు.

ఈ గడ్డ మీద ఒళ్ళు ఎప్పుడూ ఇంత ముద్దాయి కాదు. శ్రీకృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరి దుర్గాన్ని పట్టుకున్నాడు. తర్వాత కొన్నేళ్ళకు ఆయన్ని దగ్గరగా చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, రాజుగారు మధ్యరకం ఎత్తనీ, సన్నం కన్నా లావు వైపే ఉంటాడనీ రాసిపెట్టాడు. ఆ ఒంటితో గజపతుల కోట గెలిచిన మనిషికి "ప్రభూ, తమరి సైజులో డిజైన్లు రావడంలేదు" అని చెప్పిన దర్జీ చరిత్రలో కనబడడు. ఇప్పుడు రాయలవారు మారువేషంలో ఆత్మకూరులో దిగినా పెద్ద ఇబ్బంది లేదు. మగమనిషి గనక నడుము అంగుళాల్లో అడిగి, పొడుగు అక్కడికక్కడే కత్తిరించి ఇస్తారు. తిరుమలదేవి, చిన్నాదేవి వెంట వస్తేనే చిక్కు. వాళ్ళకిచ్చేది ఒక అక్షరం. ఎస్, ఎం, ఎల్. ఆపైన కావాలంటే ఆ అక్షరం ముందు ఎక్స్‌లు పేర్చుకుంటూ పోవడమే. ఇంకా దయగల చోట్ల 'ఫ్రీ సైజు' ఉంటుంది, అంటే ఎవరికీ సరిపోదని ముందే ఒప్పుకున్న సైజు.

ఇదే మండలంలో జాకెట్టు సంగతి చూడండి. భుజం, చంక చుట్టు, ఛాతీ, ఛాతీ కింద, నడుము, ముందు మెడ, వెనక మెడ, చెయ్యి పొడుగు, చెయ్యి లూజు. ఇవి చాలక ఒక ఆది జాకెట్టు. అదీ చాలక "ఆది మీద చంక కాడ పావంగుళం వదులు పెట్టమ్మా" అని నోటిమాట సవరణ. డాటు అర అంగుళం పక్కకు జరిగిందా, పండగ పూటైనా సరే టైలరమ్మ ఇంటి ముందు పంచాయితీ. క్రాస్ కట్టా, ప్రిన్సెస్ కట్టా, మూడు డాట్లా నాలుగు డాట్లా అని మన ఊళ్ళలో జరిగినంత లోతైన చర్చ బడ్జెట్టు మీద అసెంబ్లీలో జరిగితే రాష్ట్రం ఎప్పుడో బాగుపడేది.

డాటంటే ఏముంది? చదునుగా ఉన్న గుడ్డను గుండ్రటి ఒంటి మీద కూర్చోబెట్టడానికి మిగులును ముక్కోణంగా మడిచి మాయం చేయడం. బడిలో జ్యామితి తప్పిన ఆడపిల్లకు కూడా వచ్చిన జ్యామితి ఇది. ఛాతీ దగ్గర ఇంత బాగా వచ్చిన విద్య జానెడు కిందికి దిగి తుంటి చేరేసరికి అందరికీ మరుపొస్తుంది. తుంటి 40 అంగుళాలు, నడుము 30 అయితే మధ్యలో 10 అంగుళాల గుడ్డ ఎక్కడికో పోవాలి. కొంత వెనక డాట్లలోకి, కొంత ముందు డాట్లలోకి, కొంత పక్క కుట్టులోకి, కొంత వెనక నడికుట్టు వాలులోకి. ఎక్కడ ఎంత పోవాలో ఒళ్ళు చెప్పాలి. పిరుదు ఎత్తుగా ఉన్నామెకు వెనక డాటు లోతుగా కావాలి. పొట్ట ఉన్నామెకు ముందు డాటు దండగ, ఆ గుడ్డను పొట్టకే వదిలేయాలి. ఇద్దరిదీ 40, 30 కొలతే అయినా కోత ఒకటి కాదు. జీన్సులో డాట్లు కంటికి కనబడవు. వెనక నడుం పట్టీ కింద అడ్డంగా ఉండే యోకు ముక్కలో వాటిని దాచేశారు. దాచినవాడు ఎవరి నడుమును మనసులో పెట్టుకుని దాచాడో ఆ మహాతల్లికే ఆ జీన్సు. మిగతావాళ్ళకు వెనక చెయ్యి దూరేంత సందు. ఆ సందు పూడ్చుకోవడానికి బెల్టు కొనుక్కోమంటారు. తప్పు గీసినవాడిది, జరిమానా తొడుక్కున్నామెకు.

సరే, రెడీమేడ్ వద్దు, కుట్టించుకుందాం అంటారా? లేడీస్ టైలరమ్మకు జాకెట్టు వచ్చు, ప్యాంటు రాదు. జెంట్స్ టైలరుకు ప్యాంటు వచ్చు, ఆడమనిషి రాదు. ఆయన టేపు మెడలో వేసుకుని రెండడుగుల దూరంలో నిలబడి, నడుమెంతమ్మా, పొడుగెంతమ్మా అని అడిగి, మిగతాది దైవాధీనమని సుద్దముక్క అందుకుంటాడు. ప్యాంటుకు ప్రాణమైన కొలత వేరే ఉంది. ముందు నడుము నుంచి కాళ్ళ మధ్యగా వెనక నడుము దాకా పోయే వంకర దారి. దర్జీలు ఫోర్కు అనేది ఆ దారి మలుపునే. ఆ కొలత అడగడానికి ఆయనకు సిగ్గు, చెప్పడానికి ఈమెకు సిగ్గు. ఇద్దరి మర్యాదా నిలబడుతుంది. ప్యాంటే కూర్చోనివ్వదు.

సిగ్గుతో పనిలేని ఉపాయం ఉండనే ఉంది. నడుముకు ఒక ఎలాస్టిక్ కట్టుకుని, చదునైన చెక్క కుర్చీ మీద నిటారుగా కూర్చుని, పక్కన నడుము నుంచి కుర్చీ పలక దాకా కొలిస్తే సీటు లోతు తెలిసిపోతుంది. మొత్తం దారి కొలతను ఆమే తలుపు వేసుకుని టేపుతో తీసి కాగితం మీద రాసుకుపోవచ్చు. టేపు పొడుగే చెప్తుంది, వంపు చెప్పదు కాబట్టి, కాస్త గట్టి కరెంటు వైరును అదే దారిలో ఒంటికి వంచి, వంపు చెదరకుండా తీసి కాగితం మీద పెట్టి గీసుకుంటే తన ఫోర్కు ఆకారం తన కళ్ళకే కనబడుతుంది. పైసా ఖర్చు లేని పని. కుట్టు నేర్చుకోవడానికి పోయిన పిల్లకు జాకెట్టు, లంగా, చుడీదారు దాకా నేర్పి సర్టిఫికెట్టు చేతిలో పెట్టేవాళ్ళే గానీ, ఈ వైరు ముక్క చేతిలో పెట్టేవాళ్ళు అరుదు.

ఫోర్కు గొడవ ఇంతగా ఎందుకంటే, అసలు దొంగ అక్కడే దాగి ఉన్నాడు. అనంతసాగరం చెరువు కట్ట మీద నడిచే ఏ రైతునైనా ఆపి, చెరువు చుట్టుకొలత చెప్తాను, నీళ్ళెంత లోతో చెప్పు అని అడగండి. తలకాయ బాగుందా అంటాడు. ప్యాంట్ల కంపెనీలు రోజూ చేస్తున్న పని అదే. టేపు తుంటి చుట్టూ తిరిగి ఒక సంఖ్య తెచ్చి ఇస్తుంది. ఆ సంఖ్యలోంచి లోతు పిండుతారు.

ఇద్దరాడవాళ్ళు. టేపు తిప్పితే ఇద్దరికీ తుంటి 40 అంగుళాలే. ఒకామెను ముందు నుంచి చూస్తే వెడల్పు 16, పక్క నుంచి చూస్తే మందం 9. రెండో ఆమె వెడల్పు 14, మందం పదకొండున్నరకు కాస్త తక్కువ. నమ్మకపోతే దీర్ఘవృత్తం లెక్క వేసుకోండి, రెండూ నలభై దగ్గరే తేలతాయి. కాళ్ళ మధ్యగా పోయే గుడ్డ దాటాల్సింది ఈ మందాన్నే. అక్కడ ఇద్దరికీ దాదాపు రెండున్నర అంగుళాల తేడా. మరి కోతకు ముందు గీసే డ్రాఫ్టుకు బాగా వాడుకలో ఉన్న లెక్క ఏమంటుంది? తుంటిని నాలుగుతో భాగించు, వచ్చిన పావులో మళ్ళీ పావు ముందు ఫోర్కుకు, సగం వెనక ఫోర్కుకు ఇవ్వు. 40లో పావు 10. ముందు రెండున్నర, వెనక 5, వెరసి ఏడున్నర. ఇద్దరికీ ఏడున్నరే! మొదటామెకు కాళ్ళ మధ్య గుడ్డ పోగుపడి వేలాడుతుంది. రెండో ఆమెకు అదే చోట బిగదీసి, ముడతలు తొడల వైపు కిరణాల్లా పాకుతాయి, కుట్టు పడకూడని చోట పడుతుంది, ఆమె దినమంతా కుర్తా అంచు కిందికి లాక్కుంటూ తిరుగుతుంది. షాపులో ఇద్దరికీ వైద్యం ఉంది. మొదటామెను ఒక సైజు తగ్గమంటారు, తగ్గితే తొడలు పట్టవు. రెండో ఆమెను ఒక సైజు పెరగమంటారు, పెరిగితే నడుము జారుతుంది. ఇద్దరూ మెట్లు దిగుతూ ఎవరు ఏ డైటింగు చేస్తున్నారో చెప్పుకుంటారు.

లెక్క తప్పని కాదు నా గొడవ. లెక్క అన్నది మొదటి గీత. దాని మీద పాత దుప్పటి గుడ్డతో ఒకటి కుట్టి, తొడిగించి, ముడత ఎటు చూస్తోందో చూసి, మళ్ళీ గీయాలి. సీటు కింద గుడ్డ జారితే వెనక పొడుగు తగ్గించాలి. ముందు పట్టీ పొట్ట కిందికి జారితే ముందు నడిమధ్య పొడుగు పెంచాలి. ముడత చదవడం వచ్చినవాళ్ళకు ఒళ్ళు తనే చెప్తుంది. జాకెట్టుకు మూడుసార్లు ట్రయల్ వేసే ఊళ్ళో ప్యాంటుకు ఒక్కసారి వేస్తే ఏం పోయింది?

ఈ మధ్యలో పత్రికల సౌందర్య సలహాదారులు వచ్చి ఒంటిని పండ్లబండి మీద పరిచారు. మీరు యాపిలా, బేరిపండా? ఇసుక గడియారమైతే అదృష్టవంతులు. పడమటి నెల్లూరు నిమ్మతోటల మధ్య పుట్టినామె తనను బేరిపండులో ఎట్లా గుర్తుపట్టుకుంటుంది? మేం నిమ్మకాయలం, సీతాఫలాలం, కొందరం నిఖార్సైన గుమ్మడికాయలం. అది పోనివ్వండి. ఈ పండ్లన్నీ మనిషిని ఎదురుగా నిలబెట్టి చూసిన ఆకారాలు. ప్యాంటు కష్టమంతా పక్క చూపులో ఉంది. పొట్ట ఎంత ముందుకు, పిరుదు ఎంత వెనక్కు, నడుము ఎటు వాలింది, మోకాలు ఎటు తిరిగింది. పక్క నుంచి చూడ్డం రాని పండ్ల వ్యాపారిని ప్యాంటు గురించి అడిగితే చున్నీ వేసుకోమంటాడు.

ఈ సైజులు ఎవరి ఒంటి మీద పుట్టాయని వెతుక్కుంటూ పోతే అమెరికా తేలతాం. 1939, 1940లలో రూత్ ఓబ్రయన్, విలియం షెల్టన్ అనే ఇద్దరు అక్కడి వ్యవసాయ శాఖ తరఫున దాదాపు 15,000 మంది ఆడవాళ్ళను మనిషికి 59 కొలతల లెక్కన కొలిచారు. అవును, వ్యవసాయ శాఖే. పత్తి, పశువులు, ఆడవాళ్ళు. లెక్కలోకి తీసుకున్నది తెల్లజాతి ఆడవాళ్ళ కొలతలు మాత్రమే. 1941లో నివేదిక అచ్చయింది. ఆ కొలతల ఆధారంగా 1958లో ఒక ప్రమాణం ప్రకటించి, పావు శతాబ్దం వాడి, 1983లో వాళ్ళే ఎత్తేశారు. తర్వాత ఎవరి సైజు వాళ్ళది. నంబరు చిన్నదైతే కొనేవాళ్ళకు సంబరమని, గుడ్డ అంతే ఉంచి నంబరు తగ్గించుకుంటూ పోయారు. ఒక షాపులో ఎం, పక్క షాపులో ఎక్స్ఎల్. రోడ్డు దాటినంతలో మనిషి లావెక్కదు కదా.

మన ప్రభుత్వానికీ ఈ సంగతి తెలుసు. కేంద్ర జౌళి శాఖ పూనికతో నిఫ్ట్ సంస్థ 'ఇండియాసైజ్' పేరుతో 15 నుంచి 65 ఏళ్ళ లోపు వాళ్ళను 25,000 మందిని త్రీడీ స్కానర్లతో కొలవాలని తలపెట్టింది. మెచ్చుకోవాల్సిన పని, ఎన్నేళ్ళ కిందటో జరగాల్సిన పని. కొలతకు ఎంచుకున్నవి ఆరు నగరాలు. హైదరాబాదు అందులో ఒకటి. షిల్లాంగు కూడా ఉంది, సంతోషం. అనంతసాగరం ఒళ్ళు కావాలంటే మాత్రం అనంతసాగరం ఒళ్ళే బస్సెక్కి నగరానికి పోవాల్సిందే. వరినాట్లలో వంగిన నడుము, ఉపాధి పనిలో తట్ట మోసిన తొడ, ముగ్గురు పిల్లల్ని కన్న పొట్ట, ఇవి భారతదేశపు సగటులో ఏ మూల చేరతాయో స్కానరుకే తెలియాలి.

నాట్ల మాట వచ్చింది గనక చెప్పాలి. ప్యాంటు డ్రాఫ్టు అద్దం ముందు నిలబడ్డ మనిషి కోసం గీసింది. మనవాళ్ళు నిలబడేది తక్కువ. వంగుతారు, గొంతుక్కూర్చుంటారు, బాసింపట్టు వేసి అన్నం తింటారు, వేరుశనక్కాయలు ఒలుస్తారు. గొంతుక్కూర్చున్నప్పుడు వెనకవైపు ఒళ్ళు సాగుతుంది. ఆ సాగినంత గుడ్డ వెనక లేకపోతే పట్టీ కిందికి దిగి, నడుము ఊరికంతా కనబడుతుంది. వెనక నడికుట్టును ఎంత వాల్చి గీస్తే కూర్చోవడానికి అంత గుడ్డ దొరుకుతుంది, కానీ నిలబడితే సీటు కింద కొంచెం మడత పడుతుంది. నిటారుగా గీస్తే ఫొటోకు నున్నగా ఉంటుంది, కూర్చుంటే కుట్లు ఏడుస్తాయి. రెండింట్లో ఏది కావాలో తొడుక్కునే మనిషి తేల్చుకోవాలి. కంపెనీ ఆ కష్టం మనకు పెట్టలేదు, ఫొటోకే ఓటేసింది. మన కూలీ ఆడవాళ్ళు చీర మీద మొగుడి ఫుల్‌హాండ్స్ చొక్కా తొడుక్కుని పొలానికి పోతారే, ఆ చొక్కాలో ఉన్నంత తెలివి ఈ ప్యాంటులో లేదు. చొక్కాకు కనీసం జేబుంది.

జేబు! ఆడవాళ్ళ జీన్సు జేబులను 2018లో అమెరికాలో ఒక వెబ్ పత్రికవాళ్ళు కూర్చుని కొలిచారు. ముందు జేబులు మగవాళ్ళవాటి కన్నా సగటున 48 శాతం పొట్టి. ఫోను సగం దూరి ఆగుతుంది. కొన్నింటికి జేబు కుట్టు మాత్రమే ఉంటుంది, లోపల జేబు ఉండదు. అందుకే మన పెద్దమ్మలు ఇప్పటికీ పర్సు జాకెట్లోనే దోపుతారు. జాకెట్టు మోసం చేయదు.

పెద్ద సైజులు ఎట్లా పుడతాయో తెలిస్తే ఇంకా ముచ్చటేస్తుంది. ఒక సన్నటి మోడలు ఒంటికి సరిచూసిన కోత అట్టను, అంటే పాటర్నును తీసుకుని, అన్ని వైపులా కాస్త కాస్త పెంచుకుంటూ పోతారు. గ్రేడింగు అంటారు. అంటే లావైన ఆడమనిషి, సన్నటి ఆడమనిషికి ఉబ్బిన ఫొటో అన్నమాట. లావైతే కాళ్ళు కూడా సాగుతాయని వాళ్ళ నమ్మకం కాబోలు, నడుముతోపాటు పొడుగూ పెంచుతారు. అయిదడుగుల మనిషి ఆ ప్యాంటు కింద నాలుగంగుళాలు కత్తిరిస్తుంది. కత్తిరిస్తే పొడుగు తీరుతుంది, మోకాలు తీరదు. మోకాలి దగ్గర సన్నగా కోసిన చోటు ఆమె పిక్క మీదికి వచ్చి కూర్చుంటుంది. మోకాలికి పైన తగ్గించాల్సిన పొడుగును చీలమండ దగ్గర తగ్గిస్తే బూట్‌కట్ కాస్తా గొట్టమవుతుంది. అది కూడా ఆమె పొట్టితనం ఖాతాలోనే జమ.

మనకొక్కళ్ళకే ఈ గతి అని కుంగిపోవద్దు. 2019 మార్చిలో నాసావాళ్ళు ఇద్దరు ఆడవాళ్ళను కలిపి అంతరిక్ష నడకకు పంపబోతూ, మీడియం సైజు సూటు పైభాగం ఒకటే సిద్ధంగా ఉందని ఒకరి స్థానంలో మగ వ్యోమగామిని పంపారు. ఇద్దరాడవాళ్ళ నడక అక్టోబరు దాకా ఆగింది. రాకెట్టు ఉంది, ఇంధనం ఉంది, అంతరిక్షం ఉంది. సైజు లేదక్కా.

ప్యాంట్ల కంపెనీలకు చేతగాక కాదు, అది గుర్తుంచుకోవాలి. కూలీల కోసం రివెట్లు కొట్టిన ప్యాంటుకు లీవై స్ట్రాస్, దర్జీ జేకబ్ డేవిస్ కలిసి 1873లో పేటెంటు తెచ్చుకున్నారు. ఆడవాళ్ళకంటూ ఆ కంపెనీ జీన్సు తీసింది 1934లో. అరవై ఏళ్ళ తర్వాత ఆడవాళ్ళకు కాళ్ళున్నాయని తెలిసింది. ఇంకో 76 ఏళ్ళకు, 2010లో, 60,000 మంది ఒళ్ళు స్కాన్ చేయించి, నడుముకూ తుంటికీ సీటుకూ ఉన్న తేడాను బట్టి ఒకే నంబరులో మూడు ఆకారాల జీన్సు తెచ్చారు. అంటే అవుతుంది. ఒకే 40లో మూడు రకాలు చేయొచ్చు. చేస్తే అయిదు సైజుల సరుకు పదిహేనవుతుంది, అరలు చాలవు, మిగులు పెరుగుతుంది. గుడ్డను పొరల మీద పొరలు పరిచి ఒక్క కోతలో వందల ప్యాంట్లు తెంపేచోట ఒక్కో తుంటికి ఒక్కో గీత అంటే లెక్క కుదరదు. గీత మార్చడం ఖర్చు, ఒళ్ళును తిట్టడం ఉచితం. వ్యాపారం తెలిసినవాడు ఏది ఎంచుకుంటాడు?

ఇందులో నాకు ఒళ్ళు మండే సంగతి ఒకటుంది. ఈ ప్యాంట్లు కుట్టేది ఎవరు? రాయదుర్గంలో మన తెలుగు ఆడవాళ్ళు మిషన్ల ముందు కూర్చుని జీన్సు కుడుతున్నారు. పక్కనే బళ్ళారి జీన్సు ఊరని పేరు మోసింది. విశాఖ దగ్గర అచ్యుతాపురంలో వెయ్యెకరాల బ్రాండిక్స్ దుస్తుల నగరానికి పొద్దున్నే బస్సుల నిండా పోయేది ఆడపిల్లలే. విదేశీ తుంట్ల కొలతలు వాళ్ళ వేళ్ళకు కంఠతా. పొద్దున కుట్టిన సీటు కుట్టు సాయంత్రం తమ ఒంటికి పట్టదని వాళ్ళకు తెలుసు. అందుకే చాలామంది లెగ్గింగు తొడుక్కుని ఇంటికొస్తారు.

లెగ్గింగును తక్కువ చేసి మాట్లాడను, ఎండాకాలం తప్ప అది నిజంగా సుఖం. కానీ అదేమిటో తెలుసుకుని తొడుక్కోవాలి. డ్రాఫ్టు గీయడం చేతగానివాడు లైక్రాను కాళ్ళావేళ్ళా పడి బతిమాలుకుంటే వచ్చింది లెగ్గింగు. గీత తప్పినా గుడ్డే సాగి సర్దుకుంటుంది. దాని కన్నా పాత సల్వారు పెద్దమనిషి. నడుము ఎంతున్నా బొందు లాగి ముడేసుకోవచ్చు. కాళ్ళ మధ్య మియానీ అని ఒక ముక్క అతికేవాళ్ళు, ఫోర్కు మందానికి సరిపడా గుడ్డ ఆ ముక్కలోంచి దొరికేది. ఇంగ్లీషు పుస్తకం చదవని దర్జీ చేసిన పరిష్కారం అది. చుడీదారు సెట్లు మిషన్ల మీద గుట్టలుగా కుట్టడం మొదలయ్యాక ఆ ముక్కకు పట్టే అయిదు నిమిషాలు దండగని తీసేశారు. కూర్చున్నప్పుడు కుట్టు ఎక్కడ పిగులుతుందో ఇప్పుడు చెప్పక్కర్లేదు.

ఈ జిల్లా ఆడవాళ్ళు మెత్తటివాళ్ళు కాదు. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడితే ఆ సెగ రాష్ట్రమంతా పాకి, మరుసటి ఏడాది సర్కారు సారా నిషేధించాల్సి వచ్చింది. ఖజానాకు ఎదురు నిలబడిన ఆ తల్లుల మనవరాళ్ళు ట్రయల్ రూములో ఒక అట్టముక్క పాటర్నుకు తలవంచి, సారీ తమ్ముడూ, నాకే పొట్ట ఎక్కువ అనడం చూస్తే కంపెనీల మీద గౌరవం పెరిగిపోతుంది. సారా కాంట్రాక్టర్లు సాధించలేనిది జిప్పు సాధించింది.

కాబట్టి ఎవరికీ ఖర్చు లేని పథకం ఒకటి మనవి చేస్తున్నాను. ప్యాంట్ల జోలికి పోవద్దు, పాపం. తుంటి మందాన్ని ఆధార్‌తో లింకు చేయండి. 9 అంగుళాలు దాటినవాళ్ళను గ్రామ సచివాలయానికి పిలిపించి సంజాయిషీ అడగండి. నేల మీద కూర్చోవడం, నాట్లకు వంగడం, బస్సు మెట్టు ఎక్కడం ప్యాంటు వ్యతిరేక కార్యకలాపాలుగా ప్రకటించండి. కాన్పు అయిన ఆరు నెలల్లోగా పొట్టను వాలంటరీగా అప్పగించినవాళ్ళకు ప్రోత్సాహకం ఇవ్వండి. అయిదడుగులకు తక్కువున్నవాళ్ళకు మోకాళ్ళు నాలుగంగుళాలు కిందికి దించుకోవడానికి గడువు ఇవ్వండి, ఒకసారి పొడిగించండి, ఎన్నికల ముందు మాఫీ చేయండి. అమలుకు కొత్త సిబ్బంది కూడా అక్కర్లేదు. ఊరూరా బట్టల షాపుల ముందు 'ఆల్టరేషన్ ఉచితం' అని బోర్డులు ఎప్పట్నుంచో వేలాడుతున్నాయి. ప్యాంటుకో మనిషికో వాటి మీద ఎక్కడా రాసి లేదు.